యుద్ధం పక్కింట్లో: తటస్థ దేశాల నవలలు ఎవరికి, ఏది, ఎలా చెప్పాలి

మా అపార్ట్‌మెంట్ సెల్లారులో, వాచ్‌మన్ గది పక్కన, ఒక ఇనుప బీరువా ఉంది. అందులో మూడొందల చిల్లర పుస్తకాలు. తాళంచెవి నా దగ్గర ఉండటం వల్ల నేనే లైబ్రేరియన్ని అయిపోయాను. ఒక సాయంత్రం రైల్వేలో రిటైరైన బాబాయిగారు ఒకాయన వచ్చి, "యుద్ధం రోజుల నవల ఏదైనా ఇవ్వమ్మా. కానీ ఫిరంగులూ, కందకాలూ వద్దు. ఆ గోల చాలా చదివాను" అన్నారు. ఫిరంగులు లేని యుద్ధమంటే తటస్థ దేశమే కదా అనుకుని, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో జరిగే ఒక నవల తీసిచ్చాను. నాలుగో రోజు దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి మరీ తిరిగిచ్చారు. "బాంబులు లేవు నిజమే. కానీ ఇంత దారుణమైన పుస్తకం ఇంట్లో మనవరాలికి దొరికితే ఏం చెప్పను?"

తప్పు నాదే. తటస్థం అంటే సౌమ్యం అనుకున్నాను. ఆ తర్వాత, ప్రపంచ యుద్ధాల్లో ఏ పక్షమూ చేరని దేశాల్లో జరిగే ఈ రకం నవలల్ని వరసపెట్టి చదివాను, చాలామందికి ఇచ్చాను, కొన్నిసార్లు మళ్లీ తిట్లు తిన్నాను. అలా కుదిరిన పద్ధతి ఇది. మీ ఇంట్లోవాళ్లకో, బుక్ క్లబ్బుకో, ఊరి గ్రంథాలయానికో చెప్పాల్సి వచ్చినప్పుడు పనికొస్తుంది.

మొదటి మెట్టు: ఏం కావాలి అని కాదు, ఏం వద్దు అని అడగండి

"మీకు ఎలాంటివి ఇష్టం?" అంటే ఎవరైనా "మంచివి" అంటారు. "ఏది భరించలేరు?" అంటే టక్కున చెబుతారు. హింసా, శృంగారమా, ఆరొందల పేజీలా, విషాదాంతమా? ఈ నవలల్లో చాలావాటికి తెలుగు అనువాదాలు సులువుగా దొరకవు కాబట్టి, ఇంగ్లిష్ ఏ మేరకు సాఫీగా చదవగలరో మొహమాటం లేకుండా కనుక్కోండి.

తర్వాత ఇంకొక్క ప్రశ్న. కథలో ఎవరి వెనక నడవాలనుంది? గూఢచారి వెనకా, దేశం దాటి వచ్చిన శరణార్థి వెనకా, లేక రేషన్ కార్డు పట్టుకుని క్యూలో నిలబడ్డ మామూలు మనిషి వెనకా? తటస్థ దేశం నవలలు దాదాపు అన్నీ ఈ ముగ్గురిలో ఒకరి భుజం మీదుగానే చూస్తాయి. ఈ జవాబు వస్తే సగం పని అయినట్టే.

రెండో మెట్టు: తారీఖు చూడకుండా తటస్థం అనకండి

తటస్థత జాతకం కాదు, పుట్టినప్పుడు రాసి చచ్చేదాకా ఉండటానికి. నార్వే, డెన్మార్క్ 1940 ఏప్రిల్ 9 దాకా తటస్థ దేశాలే. హాలండ్, బెల్జియం అదే ఏడు మే 10 దాకా. అమెరికా 1941 డిసెంబరు దాకా. టర్కీ యుద్ధమంతా తప్పించుకుని 1945 ఫిబ్రవరి 23న, అంతా అయిపోవచ్చాక, జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో హాలండ్ తటస్థంగా ఉంటే, రెండోదాంట్లో తటస్థంగా ఉన్న పోర్చుగల్ అప్పుడు 1916 నుంచి యుద్ధంలో ఉంది. స్పెయిన్ కథ ఇంకా తమాషా. 1939లో తటస్థం అంది. 1940 జూన్‌లో ఆ మాట తీసేసి "యుద్ధంలో లేము, అంతే" అంది. గాలి మారాక 1943 అక్టోబరులో మళ్లీ తటస్థం అంది.

అందుకే పుస్తకం ఇచ్చేముందు కథ ఏ నెలలో మొదలవుతుందో చూసుకోండి. 1940 వేసవి లిస్బన్‌కీ 1944 వేసవి లిస్బన్‌కీ మధ్య చాలా దూరం ఉంది. మొదటిదాంట్లో హిట్లర్ రేపో మాపో వచ్చేస్తాడన్న భయం. రెండోదాంట్లో ఓడిపోయేవాళ్ల ఆస్తులు ఎవరి చేతికి వస్తాయా అన్న లెక్క.

ఇక్కడే ఇంకో చిక్కు. కథాకాలం సరిపోతే చాలదు, అది చారిత్రక నవలేనా అన్నది వేరే సంగతి. ఎరిక్ ఆంబ్లర్ రాసిన "జర్నీ ఇన్‌టు ఫియర్" యుద్ధం మొదట్లో ఇస్తాంబుల్‌లో మొదలవుతుంది. కానీ అచ్చయింది 1940లోనే. రాసినవాడికే రేపేం జరుగుతుందో తెలియదు. చారిత్రక నవలకి కథాకాలానికీ రాసినకాలానికీ మధ్య యాభై ఏళ్లుండాలని కొందరు గీత గీస్తారు. నాకంత పట్టింపు లేదు. అడిగినవాళ్లకి మాత్రం "ఇది అప్పుడే రాసింది", "ఇది తర్వాత వెనక్కి తిరిగి చూసి రాసింది" అని చెప్పేయండి. మొదటిదాంట్లో ఉత్కంఠ ఎక్కువ, రెండోదాంట్లో అపరాధ భావం ఎక్కువ.

మూడో మెట్టు: ఆ దేశం ఏం అమ్ముకుందో కనిపెట్టండి

అసలు కీలకం ఇది. మన భారతంలో కురుక్షేత్రానికి దూరంగా ఉన్నవాళ్లు ఎవరెవరో ఓసారి గుర్తు చేసుకోండి. బలరాముడు రెండు పక్షాలూ నావాళ్లేనని తీర్థయాత్రకు వెళ్లిపోయాడు. రుక్మి అక్షౌహిణి సేనతో వచ్చి గొప్పలు పోతే పాండవులూ వద్దన్నారు, కౌరవులూ వద్దన్నారు. వ్యాసుడు చెప్పకపోయినా జనం చెప్పుకునే కథలో ఉడుపి రాజు ఉన్నాడు. ఇరు సైన్యాలకూ వంట చేసి పెట్టాడు, ఏ రోజు ఎంతమంది చస్తారో ముందే తెలిసినట్టు సరిగ్గా లెక్కకు సరిపడా వండాడు. ప్రతి తటస్థ దేశంలోనూ ఈ ముగ్గురి పాళ్లూ ఉంటాయి. మంచి నవల ఏ పాలు ఎంతో తూచి చూపిస్తుంది.

పోర్చుగల్ అచ్చంగా ఉడుపి రాజే. బేరా జిల్లాల కొండల్లో వుల్ఫ్రం అనే ఖనిజం దొరికేది, అంటే టంగ్‌స్టన్. ట్యాంకుల ఇనప రేకును చీల్చే గుండ్లకీ, లోహాన్ని కోసే పనిముట్లకీ అది కావాలి. జర్మన్లు కొన్నారు, వాళ్లకు దక్కకూడదని బ్రిటిష్‌వాళ్లు కొన్నారు. పొలం దున్నుకునే రైతు పలుగు పట్టుకుని కొండెక్కాడు. పోర్చుగల్ నియంత సలజార్ రెండు పక్షాలకూ అమ్మి, మిత్రపక్షాల ఒత్తిడి పెరిగాక 1944 జూన్‌లో ఎగుమతి ఆపాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడని సామెత. ఇక్కడ నిప్పడగటమే కాదు, కాలేదానికి కట్టెలు కూడా అమ్మారు. ఇదంతా రాబర్ట్ విల్సన్ "ఎ స్మాల్ డెత్ ఇన్ లిస్బన్"లో ఉంది. వుల్ఫ్రం కోసం వచ్చిన జర్మన్ వ్యాపారి కథ ఒక పాయ. 1990లలో ఒక అమ్మాయి హత్యను ఛేదించే పోలీసు కథ ఇంకో పాయ. చివరికి రెండూ ముడిపడతాయి. బాబాయిగారు కాగితంలో చుట్టి ఇచ్చింది ఇదే. గొప్ప పుస్తకం, కానీ అందులోని హింస, ముఖ్యంగా ఆడవాళ్ల మీద హింస, చాలా మొరటుగా ఉంటుంది. ఎవరికిచ్చినా ముందే చెప్పి ఇవ్వండి.

లిస్బన్ ఇంకో సరుకు కూడా అమ్మింది, దారి. ఐరోపా నుంచి అమెరికాకి ఓడ ఎక్కడానికి మిగిలిన గుమ్మం దాదాపు అదొక్కటే. ఎరిక్ మరియా రెమార్క్ "ద నైట్ ఇన్ లిస్బన్" నేను ఎక్కువమందికి ఇచ్చే పుస్తకం. 1942లో ఒక శరణార్థి రేవులో నిలబడి, తనకు దొరకని ఓడను చూస్తూ ఉంటాడు. అపరిచితుడొకడు వచ్చి రెండు టికెట్లు ఉచితంగా ఇస్తానంటాడు. షరతు ఒకటే: తెల్లవార్లూ తన కథ వినాలి. నవలంతా ఆ ఒక్క రాత్రే. తటస్థ నగరం దీపాలు వెలుగుతూంటాయి, చెప్పే కథేమో చీకటి ఐరోపాది. 1962లో రాసిన ఆయన కూడా నాజీలు పౌరసత్వం తీసేసిన మనిషే.

స్విట్జర్లాండ్ గురించి చెప్పేటప్పుడు చాక్లెట్లూ మంచుకొండలూ పక్కన పెట్టండి. 1942 ఆగస్టులో ఆ దేశం యూదు శరణార్థులకు సరిహద్దు మూసేసింది. "పడవ నిండిపోయింది" అన్న మాట అప్పటినుంచే వాళ్లను వెంటాడుతోంది. అంతకు ముందే సెయింట్ గాలెన్‌లో పాల్ గ్రూనింగర్ అనే పోలీసు అధికారి, వచ్చినవాళ్ల కాగితాల మీద ముందు తేదీలు వేసి వేలమందిని లోపలికి రానిచ్చాడు. 1939లో ఉద్యోగం పోయింది, 1940లో శిక్ష పడింది, 1972లో ఆ మచ్చతోనే పోయాడు. 1995లో గానీ తీర్పు కొట్టేయలేదు. రోజ్ ట్రెమైన్ "ద గుస్తావ్ సొనాటా"లో ఇలాంటి తప్పుడు తేదీలు వేసిన పోలీసు ఒకడున్నాడు. కానీ కథ అతని కొడుకుది. తండ్రి మంచితనం వల్ల ఇల్లు ఎలా ఎండిపోయిందో, తల్లి ప్రేమించడం ఎలా మర్చిపోయిందో ఆ పిల్లవాడి కళ్లతో చూస్తాం. స్విస్‌వాళ్ల నిగ్రహమే ఆ ఇంటి జబ్బు. ఫిరంగి మోత ఒక్కటి కూడా లేకుండా యుద్ధం గురించి ఇంతకన్నా బాగా చెప్పిన నవల నేను చదవలేదు. బాబాయిగారికి ముందే ఇది ఇవ్వాల్సింది.

స్పెయిన్ రుక్మి పాలు. 1940 అక్టోబరు 23న, ఫ్రాన్సు సరిహద్దు ఊరు హెండేలో, స్పెయిన్ నియంత ఫ్రాంకో హిట్లర్ని కలిశాడు. యుద్ధంలోకి దిగటానికి అతనడిగిన వెల చూసి హిట్లరే వెనక్కి తగ్గాడు. సి.జె. శాన్సమ్ "వింటర్ ఇన్ మాడ్రిడ్"లో ఆ 1940 ఆకలి, అంతర్యుద్ధం తర్వాతి శిథిలాలు కనిపిస్తాయి. మరియా దుయేన్యాస్ "ద టైమ్ ఇన్ బిట్వీన్" దానికి పూర్తిగా వేరు. ఒక దర్జీ పిల్ల మాడ్రిడ్‌లో జర్మన్ అధికారుల భార్యలకు గౌన్లు కుడుతూ, కత్తిరింపు నమూనాల అంచుల్లో కుట్ల గుర్తుల్లా మోర్స్ సంకేతాలు వేసి బ్రిటిష్‌వాళ్లకు చేరవేస్తుంది. ఆరొందల పేజీలున్నా పరుగెడుతుంది. కుట్టుపని తెలిసినవాళ్లకి రెట్టింపు నచ్చుతుంది, మా వదిన ఆ గుర్తుల పేజీ దగ్గర ఆగి టేప్ తీసుకుని కూర్చుంది.

స్వీడన్ ఇనుప ఖనిజం అమ్మింది, 1941లో జర్మన్ డివిజన్ ఒకదాన్ని తన రైళ్ల మీద దాటనిచ్చింది, 1943లో డెన్మార్క్ నుంచి పడవల్లో వచ్చిన ఏడువేల మందికి పైగా యూదులకు తలుపు కూడా తీసింది. పాపం, పుణ్యం ఒకే ఖాతాలో. యుద్ధం అయిపోయాక 1946 జనవరిలో, జర్మన్ యూనిఫాంలో వచ్చిన 146 మంది బాల్టిక్ సైనికుల్ని సోవియట్లకు అప్పగించింది. పెర్ ఊలోవ్ ఎన్‌క్విస్ట్ "ద లీజనైర్స్" దాని మీదే. కథలా కాదు, కోర్టు ఫైలు తిరగేసినట్టు ఉంటుంది. అందరికీ కాదు. వకీళ్లకీ విలేకరులకీ ఇవ్వండి.

నాలుగో మెట్టు: మనిషికీ పుస్తకానికీ జాతకాలు కలపండి

పైవి గుర్తుంటే ఈ పని సులువే. కొన్ని మాత్రం విడిగా చెప్పాలి.

బస్సులో, మెట్రోలో ముక్కలు ముక్కలుగా చదివేవాళ్లకి ఆంతోనియో తబుక్కి "పెరేరా మెయింటెయిన్స్". 1938 ఆగస్టు, లిస్బన్ ఎండ. పక్క దేశంలో అంతర్యుద్ధం. పోర్చుగల్ జోక్యం చేసుకోనని పైకి సంతకం చేసి, లోపల ఫ్రాంకోకి సాయం చేస్తోంది. ఒక పత్రికలో సాహిత్యం పేజీ చూసుకునే లావుపాటి సంపాదకుడు, నిమ్మకాయ షర్బత్తూ ఆమ్లెట్టూ తప్ప ఏమీ పట్టనివాడు, నెమ్మదిగా కళ్లు తెరుస్తాడు. చిన్న అధ్యాయాలు. ఏ మనిషైనా "మనకెందుకు" అనడం ఎప్పుడు మానతాడన్నదే కథ.

ఉత్కంఠ కావాలి, అసభ్యం వద్దు అనేవాళ్లకి జోసెఫ్ ఓకానర్ "మై ఫాదర్స్ హౌస్". వాటికన్ కూడా తటస్థ దేశమే అన్న సంగతి చాలామంది మర్చిపోతారు. 1943లో జర్మన్లు రోమ్‌ని పట్టుకున్నాక, సెయింట్ పీటర్స్ చౌకులో ఒక తెల్లగీత గీశారు. గీతకి ఇవతల యుద్ధం, అవతల తటస్థం. హ్యూ ఓఫ్లహర్టీ అనే ఐరిష్ మతగురువు అవతల నిలబడి తప్పించుకున్న ఖైదీల్ని దాచాడు. ఆయన నిజం మనిషి, నవల కల్పన.

సముద్రం ఇష్టమైనవాళ్లకి అలన్ ఫర్స్ట్ "డార్క్ వాయేజ్". 1941లో ఒక డచ్చి సరుకు ఓడకు రంగు మార్చి స్పానిష్ ఓడగా నడుపుతారు. జెండా ఒక్కటి మార్చితే తటస్థం అయిపోవచ్చా అన్న ప్రశ్న ఆ ఇనప గోడల్లో మోగుతూ ఉంటుంది.

ఐర్లండ్ విషయంలో నాకు మా అక్క కూతురు సాయం చేసింది, అది డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది. రెండో ప్రపంచ యుద్ధాన్ని వాళ్లు యుద్ధం అనలేదు, "ఎమర్జెన్సీ" అన్నారు. ఆ మాట వింటే మనకి 1975 గుర్తొస్తుంది, కాబట్టి పుస్తకం ఇచ్చేటప్పుడు ఆ తేడా చెప్పండి. టీ రేషన్ ఒక దశలో మనిషికి వారానికి అర ఔన్సు, అంటే పద్నాలుగు గ్రాములు. మనం అయితే తిరగబడేవాళ్లం. ఆకాశంలో వెళ్లే విమానాలకి ఇది తటస్థ భూమి అని తెలియాలని తీరం పొడుగునా రాళ్లతో "ఏర" అని దేశం పేరు పేర్చారు. బ్రే హెడ్ కొండ మీద 2018లో పొదలు తగలబడితే ఆ రాతి అక్షరాలు మళ్లీ బయటపడ్డాయి. మా అక్క కూతురే వాటి ఫోటో పంపింది. జో జాయిస్ "ఎకోలాండ్"లో 1940 జూన్ నాటి డబ్లిన్, అక్కడి సైనిక గూఢచారి విభాగం ఉన్నాయి. ఫోటో చూపించి పుస్తకం ఇస్తే ఎవరూ కాదనలేదు.

ఐదో మెట్టు: దూరమనిపిస్తే మన గుమ్మం నుంచి దారి చూపండి

"ఎక్కడి లిస్బన్, ఎక్కడి స్వీడన్, మాకెందుకమ్మా?" అనేవాళ్లుంటారు. వాళ్లకి ముందు ఒక పోలిక చెబుతాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులేశాయి. ఇదే దేశానికి పడమటి ఒడ్డున గోవా పోర్చుగీసుది, కాబట్టి తటస్థం. అక్కడి మార్మగోవా రేవులో జర్మన్ ఓడలు తలదాచుకుని ఉన్నాయి. 1943 మార్చి 9 రాత్రి కలకత్తా లైట్ హార్స్ అనే స్వచ్ఛంద దళంలోని, ఎక్కువమంది నడివయసు దాటిన కంపెనీ దొరలు, దొంగచాటుగా రేవులో దూరి ఎరెన్‌ఫెల్స్ అనే ఓడ ఎక్కారు. అందులో రహస్య ట్రాన్స్‌మిటర్ ఉందన్నది వాళ్ల ఆరోపణ. జర్మన్లే తమ ఓడల్ని ముంచేసుకున్నారు. జేమ్స్ లీజర్ 1978లో రాసిన "బోర్డింగ్ పార్టీ"లో ఇది వివరంగా ఉంది. నవల కాదు, నవలలా చదివించే వాస్తవ కథనం. గోవా వెళ్లొచ్చినవాళ్ల చేతిలో పెట్టండి.

నాకు మరీ ఇష్టమైన దారి హైదరాబాదు నుంచి పోతుంది. సరోజినీ నాయుడి తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ 1880లో హైదరాబాదులోనే పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెర్లిన్‌లో కూర్చుని బ్రిటిష్‌వాళ్ల మీద పనిచేశాడు, 1917లో తటస్థ స్వీడన్‌కి, స్టాక్‌హోంకి మకాం మార్చాడు. అదే యుద్ధంలో సోమర్సెట్ మామ్ బ్రిటిష్ గూఢచారిగా స్విట్జర్లాండ్‌లో పనిచేసి, ఆ అనుభవాలతో 1928లో "ఆషెండెన్" రాశాడు. అందులో "జూలియా లజారి" అనే కథలో చంద్రలాల్ అనే భారతీయ విప్లవకారుణ్ణి తటస్థ గట్టు నుంచి, సరస్సు అవతల ఫ్రాన్సు వైపుకి రప్పించడానికి ఒక నాట్యకత్తెను ఎర వేస్తారు. చంద్రలాల్‌కి మూలం మన వీరేంద్రనాథే అని చాలామంది అంటారు. కథలో మనవాడు శత్రువు. కానీ చదువుతూంటే ఎర వేసేవాడి మీద రోత పుడుతుంది, మామ్ అది తెలిసే రాశాడని నా అనుమానం. ఆఖరి పేజీ మాత్రం ముందు చెప్పకండి. అసలు వీరేంద్రనాథ్ స్టాక్‌హోం రోజుల మీద తెలుగులో ఒక నవల రావాలి, చదవడానికి నేను సిద్ధం.

ఆరో మెట్టు: చీటీ రాయండి

నోటితో చెప్పింది లిఫ్టు దిగేలోపు మర్చిపోతారు. పుస్తకంలో ఒక చీటీ పెట్టండి. అందులో ఏ దేశం, ఏ ఏడు, ఎవరి వెనక నడుస్తాం, ఆ దేశం ఏం అమ్ముకుంది, జాగ్రత్త ఏమిటి అన్నవి ఉంటే చాలు. కథ చెప్పకండి. "అద్భుతం", "తప్పక చదవాలి" అని కూడా రాయకండి, ఆ మాటలు ఎవరినీ ఒప్పించవు. నేను రాసినదొకటి:

"ద గుస్తావ్ సొనాటా. స్విట్జర్లాండ్, 1937 నుంచి మన రోజుల దాకా. పోలీసు కొడుకు వెనక నడుస్తాం. ఆ దేశం అమ్మింది మౌనం. చావులు తక్కువ, దిగులు ఎక్కువ. ఇంగ్లిష్ తేలిక. మొదటి భాగం నెమ్మదిగా ఉందని ఆపేయకండి, రెండో భాగంలో తండ్రి వస్తాడు."

ఒకసారికి రెండు పుస్తకాలకి మించి ఇవ్వకండి. ఒకటి వాళ్లడిగిందానికి దగ్గరగా, ఇంకొకటి కాస్త పక్కగా. ఐదు ఇస్తే ఏదీ చదవరు, బీరువా ఖాళీ అవుతుందంతే.

ఏడో మెట్టు: తిరిగి ఇచ్చినప్పుడు అడగాల్సింది

"నచ్చిందా?" అని అడగకండి. "ఎక్కడ ఆపాలనిపించింది?" అని అడగండి. ఆ జవాబుని బట్టే తర్వాతి పుస్తకం. స్విస్ నవల సగంలో ఆపినవాళ్లకి స్వీడన్ ఫైలు ఇవ్వకూడదు, రెమార్క్ ఇవ్వొచ్చు. లిస్బన్‌లో విసుగొచ్చినవాళ్లని సముద్రం మీదికి పంపండి.

బాబాయిగారికి ఆర్నెల్ల తర్వాత, ఆయన కోపం చల్లారాక, ఆ చీటీతో సహా స్విస్ నవల ఇచ్చాను. మూడు వారాలు ఉంచుకున్నారు. తిరిగిస్తూ, తాను గార్డుగా పనిచేసిన రోజుల్లో ఒకసారి రిజిస్టర్లో టైము మార్చి రాసి ఎవరినో కాపాడిన సంగతి చెప్పారు. ఎవరినో, ఎందుకో చెప్పలేదు. "ఆ పోలీసాయన పెళ్లాం మాటలు మా ఆవిడ మాటల్లాగే ఉన్నాయమ్మా" అని, బీరువా పై అరలో ఉన్న రెమార్క్ వైపు చెయ్యి చాపారు.